లాజరు దగ్గు

10-6-2024, సోమవారం
కొబ్బరి చెట్టు మీంచి పడి నలభై రోజులైంది. ఎడమ భుజం మీద అరచెయ్యంత మేర మొద్దు. గిల్లినా తెలీదు. ఈ సంగతి లాజరు ఒక్కడికే చెప్పాను. తోట ఆసామి ధర్మరాజుగారికి తెలిస్తే చెయ్యి చచ్చిందనుకుని కాయల దింపు ఇంకొకడికిస్తారు. నాకు దింపు తప్ప వేరే పని రాదు.

11-6, మంగళవారం
అమలాపురంలో ఫిజియోథెరపీ. రమణి అనే అమ్మాయి కళ్లు మూసుకోమంది. వేన్నీళ్ల గొట్టం ఒకటి, చన్నీళ్లది ఒకటి భుజానికి ఆనిస్తానంది. ఏది ఏదో చెప్పండి తాతగారూ, తెలీకపోతే తెలీదనండి, లేదంటే రేపు వేడి పెట్టినప్పుడు కాలుతుంది అంది.

తెలీదని చెప్పే మనిషినా నేను?

నలభై ఏళ్లుగా నేను చెట్టు పైన, లాజరు కింద. మట్టల్లోంచి నాకు నేల కనబడదు. వాడు ఒకసారి దగ్గితే ఎవరో వస్తున్నారు, ఆగు. రెండుసార్లు దగ్గితే గెల వదులు. ఇక్కడా అదే పెట్టుకున్నాం. ఒకటి వేడి, రెండు చల్లన. అన్నీ కరెక్టుగా చెప్పాను. మందు వాడండి బాబాయ్ అంది రమణి వాడితో. ఆయ్, అలాగేనండి అన్నాడు వెధవ.

హాట్ ప్యాక్ పెట్టింది. దిండు పెట్టినట్టు బరువు, అంతే. హాయిగా ఉందమ్మా అన్నాను.

13-6, గురువారం
వేడి చాలడం లేదని గద్దించి, ప్యాక్ కింద పరిచిన తువ్వాళ్లలో ఒకటి తీయించాను.

14-6, శుక్రవారం
నా చొక్కా విప్పుతూ లాజరు ఆగిపోయాడు. బొబ్బ లేచిందిరా ముత్యాలూ అన్నాడు. నోర్ముయ్యి అన్నాను. మూయలేదు. తిన్నగా రమణి దగ్గరకెళ్లి అంతా కక్కేశాడు. దగ్గుతో సహా, నా ఎదుటే. మావాడికి మండినా తెలీదండీ అని ఏడుపొకటి.

ఆ పిల్ల తిట్టలేదు. తలొంచుకుని బొబ్బకి మందు రాసింది. తిట్టినా బాగుండేది.

అక్కడితో ఆగాడా? ఊరొచ్చి ధర్మరాజుగారికీ చెప్పాడు. ఎక్కనివ్వకండి, జారిపోతాడండి అన్నాడట. వాడి దగ్గుని నమ్మి ఎన్ని వేల గెలలు వదిలానో. కింద ఒక్క తల పగల్లేదు. ఈవేళ నా తల వాడే కొట్టేశాడు.

15-6
లాజరు వాకిట్లోకొచ్చి పిలిచాడు. తలుపు తీయలేదు.

24-6, సోమవారం
ధర్మరాజుగారి తోటలో దింపు. పైన నా బదులు కనకరాజు. కింద లాజరు. కాయలు పడుతున్న చప్పుడు ఇంట్లోకి వినబడుతూనే ఉంది. అన్నం సయించలేదు.

5-7, శుక్రవారం
బొబ్బ మానింది. భుజానికి కరెంటు పెట్టారు. చీమలు పాకినట్టుందా తాతగారూ అని అడిగింది రమణి. లాజరు రోజూ ఆమెకి ఫోన్ చేసి కనుక్కుంటున్నాడట.

లేదన్నాను.

ఉంది. వాడికా సంతోషం ఇవ్వను.