మూడో పేరా అప్పజెప్పిన అమ్మాయి

బలవంతపు చాకిరీ నిర్మూలన శాఖ కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా సంస్థకు తమ శాఖ ప్రకటించిన "ఉత్తమ ప్రకటన" బహుమతిని నిలిపివేయవలసిందిగా, ఆ ప్రకటన రాసిన ఉద్యోగిని మనవి.

సూచిక: తమ అభినందన లేఖ. అసలు ప్రతి మా మేనేజరుగారి గదిలో అద్దం బిగించి గోడకు వేలాడుతున్నందున జతపరచలేకపోతున్నాను.

బహుమతి రాలేదని తమకు అర్జీలు వచ్చి ఉంటాయి. వచ్చిందని ఎవరూ అర్జీ పెట్టి ఉండరు. ఎలా మొదలుపెట్టాలో తెలియక అంకెలు వేసి రాస్తున్నాను. అంకెలు ఉంటే ఏదీ దాటవేయలేనన్న ఆశ కూడా ఉంది.

1. నేను ఒక వస్త్ర సంస్థ ప్రధాన కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఊరి వెలుపల మా నూలు మిల్లు ఉంది. దాని ప్రహరీ లోపలే కార్మికురాళ్ల హాస్టలు ఉంది. మా బట్ట కొనే విదేశీ దుకాణాలవారు, ఎవరినీ నిర్బంధించి పని చేయించడం లేదని ఏటా మా చేత రాయించుకుంటారు. తమ శాఖ కూడా అదే రాయించుకుంటుంది. ఆ రాత నా ఉద్యోగం. కాన్వెంటులో చదివే రోజుల నుంచి నాకు మనుషులతో కంటే పుస్తకాలతోనే ఎక్కువ చనువు. చేరిన రోజున మేనేజరుగారు, "నీకు ఎవరితోనూ మాట్లాడే పని లేదమ్మా, కూర్చుని రాసుకుంటే చాలు" అన్నారు. ఇంతకంటే మంచి ఉద్యోగం ఎక్కడా దొరకదనుకున్నాను.

2. సదరు ప్రకటన రాయడానికి నేను మిల్లుకు వెళ్లలేదు. మిల్లువారు పంపిన ఫొటోలు, నా నిఘంటువు సరిపోయాయి. మూడో పేరా మీద మాత్రం చాలా రోజులు కూర్చున్నాను. తమ కమిటీవారు ప్రత్యేకించి మెచ్చుకున్నది దాన్నే కాబట్టి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

"మా ప్రాంగణంలోని ప్రతి సోదరీ స్వచ్ఛందంగా వచ్చినదే, స్వచ్ఛందంగా ఉన్నదే, ఇక్కడ ద్వారం ఎవరికీ మూసినది కాదు, మనసు ఎవరికీ విరిగినది కాదు, యాజమాన్యం తండ్రిగా, వార్డెన్ తల్లిగా, మేమందరం ఒకే కుటుంబంగా మెలగుతున్నాము."

"మూసినది కాదు, విరిగినది కాదు" అన్న లయ కుదిరినప్పుడు సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ వాక్యం బాగుందా అని ఎన్నోసార్లు చూసుకున్నాను. నిజమా అని ఒక్కసారి కూడా చూసుకోలేదు.

3. బహుమతి పొందిన సంస్థల గురించి తమ శాఖ వేసే పుస్తకానికి కార్మికురాలి ఫొటో ఒకటి, ఆమె సొంత మాటలు నాలుగు కావాలని కబురు వచ్చింది. నన్ను పంపారు. మిల్లు గేటు దగ్గర కాపలాదారు కెమెరా చూసి ఊరుకుని, ఫోను మాత్రం అడిగి తీసుకున్నాడు.

"ఎందుకండీ?" అన్నాను.

"లోపల చూశారంటే అందరూ ఒక్కసారి ఇవ్వమంటారు మేడమ్. మీరు కాదనలేరు."

వార్డెన్ గదిలో కూర్చోబెట్టారు. కిటికీకి కొత్త తెర, బల్ల మీద ప్లాస్టిక్ పూలు, మూలన తాళం వేసిన ఇనప బీరువా. గోడ అవతల యంత్రాల హోరుకు బల్ల మీద గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతున్నాయి. వార్డెన్ తలుపు దగ్గరికి వెళ్లి కేకేసింది.

"ఒసేయ్ రేడియో! ఇటు రా, మేడమ్ గారొచ్చారు."

వచ్చినామెది దాదాపు నా వయసే. తెగిన నూలు పోగులు అతికే పని. కనుబొమల మీద దూది పేరుకుని, ముసలితనం ముందే వచ్చినట్టు కనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని, చూపు గోడ మీద నిలిపి, అడగకముందే మొదలుపెట్టింది.

"మా ప్రాంగణంలోని ప్రతి సోదరీ స్వచ్ఛందంగా వచ్చినదే, స్వచ్ఛందంగా ఉన్నదే..."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నేను రాసేటప్పుడు ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నానో ఆమె కూడా అక్కడే తీసుకుంది. నా రాతను అంత బాగా చదివినవారు ఇంతవరకు లేరు.

వార్డెన్ మురిసిపోయింది. "ఎంత ముద్దుగా అప్పజెప్పిందో చూశారా! తనిఖీకి ఎవరొచ్చినా ముందు దీన్నే నిలబెడతాం. మిగతావాళ్లకీ రోజూ పని దిగాక నేర్పిస్తున్నాం. మొద్దులు, ఓ పట్టాన ఎక్కదు."

4. లోపల ఏదో యంత్రం ఆగిందని పిలుపు రాగా వార్డెన్ వెళ్లింది. మేమిద్దరమే మిగిలాం. ఆ అమ్మాయి చేతులు ముందుకు తెచ్చుకుని, ఎదుటి కుర్చీ వంక చూసి, కూర్చోలేదు.

"బాగా చెప్పానా మేడమ్?"

"చాలా బాగా చెప్పారు."

"ఇది రాసినాయన మీ ఆఫీసులోనే ఉంటాడంటగా? మీకు కనపడతాడా?"

"కనపడతారు" అన్నాను, కెమెరా పట్టీ సర్దుకుంటూ.

"అయితే ఒక మాట చెప్పండక్కా. కాస్త చిన్నగా రాయమనండి. ఇంత పొడుగుంటే మాకు ఊపిరాడదు. ఆ స్వచ్ఛందంగా అనేది ఒకసారి పెడితే సరిపోదూ? రెండుసార్లు పెట్టాడు మహానుభావుడు. మా గదిలో వాళ్లకి నోరు తిరగడం లేదు. తప్పు పోతే ఆదివారం ఇంటికి ఫోను ఉండదు. మొదట్లో నాకూ పోయింది. మా అమ్మ నేను చచ్చాననుకుందంట."

"ఆ మాటకి అర్థం తెలుసా?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. బడి అలవాటు కావచ్చు.

"అర్థం ఎవరూ అడగరు కదక్కా" అని నవ్వింది.

రాసింది నేనేనని ఆమెకు చెప్పలేదు. తమకు చెబుతున్నాను.

5. ఊరెక్కడ, ఇంటికి ఎప్పుడు వెళ్తారని అడిగితే ఆమె చెప్పిన సంగతులు ఈ దిగువ పొందుపరుస్తున్నాను. ఒప్పుకున్న గడువు నిరుడే తీరింది. పంపమని అడిగితే, ఆడపిల్లను ఒంటరిగా ఎలా పంపుతాం, తండ్రో అన్నో వచ్చి తీసుకెళ్లాలి అంటున్నారు.

"నాన్న పోయాడు. అన్న పుట్టనేలేదు. ఇప్పుడు ఎక్కణ్ణుంచి పుట్టించుకురాను? అదే అమ్మతో అంటే, ఎదురు మాట్లాడుతున్నానని గది మార్చింది."

"మీ అమ్మగారా?"

"అయ్యో, ఈ అమ్మ" అని వార్డెన్ కుర్చీ వైపు చూపించింది. "ఇక్కడ ఈవిణ్ణే అమ్మ అనాలి. కన్నామెను 'ఇంటి అమ్మ' అంటాం. లేకపోతే ఎవరి గురించి ఏడుస్తున్నామో తెలియదు కదా."

గుర్తింపు కార్డులన్నీ ఆ ఇనప బీరువాలో ఉన్నాయి. అమ్మాయిలు పోగొట్టుకుంటారని భద్రం చేశారట. గేటు సంగతి కూడా అడిగాను.

"తెరుస్తారక్కా. లారీలొచ్చినప్పుడు."

ఒకామె గోడ దూకితే పట్టుకొచ్చారట. ఆమెను ఏమీ అనలేదు. ఆమె గదిలోవాళ్లందరికీ ఫోను ఆపేశారు. "అప్పట్నుంచి ఎవరైనా గోడ వంక చూస్తే కాపలావాడు రానక్కర్లేదు. మేమే కాళ్లు పట్టుకుని ఆపుకుంటాం" అని ఆమె చెప్పింది. ఈసారి నవ్వలేదు. అడుగుల చప్పుడు వినపడగానే మళ్లీ చేతులు వెనక్కి వెళ్లాయి.

6. తిరిగి వచ్చాక ధైర్యం కూడగట్టుకుని మేనేజరుగారి గదికి వెళ్లాను.

"హాస్టల్లో మన ప్రకటన బట్టీ పట్టిస్తున్నారండీ."

"మంచిదేగా! మన విలువలు అట్టడుగు దాకా చేరాయన్నమాట. ఈ పాయింటు వచ్చే ఏడు ప్రకటనలో పెట్టు."

"తప్పు చెబితే ఇంటికి ఫోను చేసుకోనివ్వడం లేదండీ. గడువు తీరినవాళ్లను కూడా..."

"నువ్వు రచయిత్రివమ్మా, మనసు మెత్తన. మిల్లు నడపడం వేరు. వెళ్లి పని చూసుకో."

వెళ్లి పని చూసుకున్నాను. రాజీనామా ఇవ్వలేదు. పోలీసుల దగ్గరికి పోలేదు. వచ్చే ఏడు ప్రకటన ముందుగానే రాయమన్నారు, రాశాను. మూడో పేరా మొత్తం తీసేసి, "ఇక్కడ అందరం ఇష్టంతో ఉన్నాం" అని ఒక్క చిన్న వాక్యం పెట్టాను. ఇది ఎవరికైనా నోరు తిరుగుతుంది, ఎవరికీ ఫోను పోదు అనుకున్నాను. ఆ వారమంతా నేను చేసిన సాహసం అదే. మేనేజరుగారు చదివి, "ఇది ఇంకా సూటిగా ఉంది" అని మెచ్చుకున్నారు. ఒకరి నోట్లో కుక్కే అబద్ధాన్ని మింగడానికి వీలుగా చిన్న ముక్క చేసి, దాన్ని దయ అనుకున్నాను. దీనికి ఏ అంకె వేయాలో తెలియక ఆరులోనే కలిపాను.

7. బహుమతి పొందిన సంస్థలకు మూడేళ్లపాటు తనిఖీ నుంచి మినహాయింపు ఉంటుందని తమ లేఖలో ఉంది. ఆ వాక్యం చదివి మేనేజరుగారు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచారు. నేనూ తిన్నాను. సదరు మినహాయింపు ఇవ్వవద్దని ప్రార్థన. ముందుగా చెప్పకుండా తనిఖీ జరిపించాలని రెండో ప్రార్థన. తమ అధికారులు అక్కడి అమ్మాయిలను "ఇష్టపూర్వకంగా ఉన్నారా?" అని మాత్రం అడగవద్దు. దానికి జవాబు నేను ముందే రాసిపెట్టాను. గేటు దాటాక మొదటి మలుపులో ఏముందో అడగండి. అక్కడ చెప్పుల దుకాణం ఉంది, బయట ఎర్ర గొడుగు కింద ఒకాయన కూర్చుని తెగినవి కుడుతుంటాడు. ఏళ్ల తరబడి అక్కడ ఉన్నవాళ్లు ఆ సంగతి చెప్పలేకపోతే, ద్వారం మూసినది అవునో కాదో తమకే తెలుస్తుంది.

8. ఇక అత్యవసరమైన అంశం. శుక్రవారం బహుమతి సభలో మూడో పేరాను కార్మికురాలి నోటనే చెప్పిస్తే బాగుంటుందని మేనేజరుగారికి తోచింది. వాళ్లు రేడియో అని పిలిచే ఆ అమ్మాయికి కొత్త బట్టలు కుట్టిస్తున్నారు. వ్యానులో తెచ్చి, వేదిక ఎక్కించి, అదే వ్యానులో తీసుకుపోతారు. వచ్చాక ఇన్నాళ్లలో ఆమె ప్రహరీ దాటడం ఇదే మొదలు. బహుమతి గనక ఆ రోజు చేతికొస్తే, మళ్లీ ఎప్పుడు దాటుతుందో చెప్పలేను. నిర్బంధంలో ఉన్న మనిషి వెళ్లిపోతానంటే అక్కడికక్కడే విడిపించే అధికారం తమకు ఉందని చట్టంలో చదివాను. ఆ ప్రకరణం రెండుసార్లు చదివాను, ఈసారి నిజమా కాదా అని చూసుకుంటూ.

కాబట్టి వేదిక మీద ఆమెను ఒక్క ప్రశ్న అడగండి. "ఇంటికి వెళ్తావా?" అని. అడిగి, ఆగండి. వెంటనే జవాబు రాదు. అది ఆమెకు ఎవరూ నేర్పని జవాబు. ఆమె ముందుగా మొదటి వరుస వంక చూస్తుంది. వార్డెన్‌కు అక్కడ కుర్చీ వేశారు. దయచేసి ఆ కుర్చీ వేరేచోట వేయించండి.

వెళ్తానంటే ఎవరితో పంపాలన్న సందేహం తమకు అక్కరలేదు. ఈ సంగతంతా మా అమ్మకు చెప్పాను. బహుమతి వచ్చిందని వీధంతా చాటింది అమ్మే కాబట్టి, చెప్పడం తేలిక కాలేదు. అంతా విన్నాక, "తండ్రో అన్నో రావాలా? అక్క వస్తే పనికిరాదా?" అంది.

"నేను ఆ అమ్మాయికి ఏమీ కాను కదమ్మా."

"నిన్ను అక్కా అని పిలిచిందన్నావుగా. పిలిపించుకుని ఊరికే వచ్చావా?"

"నాకు భయంగా ఉంది."

"భయపడు, ఎవరు వద్దన్నారు? భయపడుతూనే టికెట్లు తీసుకో. నాకు కూడా ఒకటి తియ్. ఆ పిల్లకు బస్సు పడుతుందో పడదో అడిగావా? అడగలేదు కదూ. కిటికీ పక్క సీటు తియ్."

ముగ్గురికీ టికెట్లు తీసుకున్నాను. ఆమె వాళ్ల ఊరు చేరడానికి దాదాపు పగలంతా పడుతుంది. పొడుగు వాక్యం రాసిన మహానుభావుడు ఎవరో బస్సు దిగేలోపల ఆమెకు చెప్పాలి. అంత దూరం పక్కన కూర్చున్నాక కూడా చెప్పలేకపోతే నేను ఇంకేమీ రాయడానికి తగను.

పై కారణాల రీత్యా బహుమతిని నిలిపివేసి, మినహాయింపును రద్దుచేసి, శుక్రవారం ఆ ఒక్క ప్రశ్న అడగవలసిందిగా వేడుకుంటున్నాను. ఈ అర్జీ వల్ల నా ఉద్యోగం ఏమవుతుందో తమరు ఆలోచించవద్దు. అమ్మ, నేను ఆలోచించుకున్నాం. కవరు మీద నా పేరు ఉంది, దాచవద్దు.

తీరిక చూసుకుని కాక, శుక్రవారం లోపలే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
సదరు మూడో పేరా రాసిన ఉద్యోగిని

తా.క.: అర్జీ అంటించాక మళ్లీ విప్పాను. తమకు ఇది సమయానికి అందకపోవచ్చు. అందినా, సభామర్యాద కాదని తమరు అడగకపోవచ్చు. అప్పుడు వెనక వరుసలోంచి నేనే లేచి అడుగుతాను. ఈ మాట రాసి కొట్టేశాను, మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను, ఇప్పుడు ఇలాగే వదిలేస్తున్నాను. ఆమె పేరా ముగించగానే సభంతా చప్పట్లు కొడుతుంది. అవి మాత్రం ఆపించండి. నా గొంతు చిన్నది.