డెబ్రాకి చెప్పని రిపేరు

మార్చి 3

అద్దెకిచ్చిన మా ఇల్లు చూసే డెబ్రా నుంచి నెలవారీ మెయిల్. మళ్ళీ అదే ముక్క — "అంతా బాగుంది." నాలుగు నెలల నుంచీ అంతా బాగుంది! అల్ఫారెట్టాలో ఆ ఇంట్లో నేను తొమ్మిదేళ్ళున్నాను. ఏదో ఒకటి మొరాయించని నెల లేదు. నేను దేశానికి ఈ చివరున్న శాంటా క్లారా వచ్చేయగానే ఇల్లు బుద్ధిగా మారిపోయిందా?

మార్చి 4

"ప్రాపర్టీ మేనేజర్ని పెట్టుకున్నాక ఇంకా నీకెందుకే ఈ గోల? ఆవిడ చూసుకుంటుంది, వదిలెయ్." రవి మాట. మా ఆయన దారినపోయేవాణ్ణి కూడా నమ్ముతాడు. ఎలా వదిలేయను...

మార్చి 7

పద్మకి ఫోన్ చేశాను. ఆ ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటుంది. ఊరికే అటువైపు డ్రైవ్ చేసి రావే అన్నాను. గంటలో ఫోన్. "ఒసే సుధా, మీ డ్రైవ్‌వేలో తెల్ల ట్రక్ ఉంది. పేరూ లేదు, బోర్డూ లేదు. ఎవడో లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు."



మార్చి 8

డెబ్రానే అడగొచ్చు. కానీ మీకెవరు చెప్పారంటే? పద్మ చేత కాపలా కాయిస్తున్నానని చెప్పనా?

మార్చి 9

అద్దెకున్న అమ్మాయి శిరీషకి నేరుగా ఫోన్ చేశాను. చేయకూడదు. ఏదైనా తన ద్వారానే అని డెబ్రా మొదట్లోనే చెప్పింది. అయినా మన తెలుగమ్మాయే కదా! వాట్సాప్ గ్రూప్‌లో నంబర్ దొరికింది.

"అయ్యో, అక్కా, మీరా!" రెండు నిమిషాల్లో ఏ ఊరు, ఏ కాలేజీ, అన్నీ అయిపోయాయి. గుంటూరట. ఏడో నెలట. చివర్లో నెమ్మదిగా — "కిచెన్ సింక్ దగ్గర కొంచెం తడి వస్తోందక్కా. డెబ్రా చూపిస్తున్నారులే."

చూపిస్తోందట! ఎన్నాళ్ళు చూపిస్తుంది? నాతో ఒక్క ముక్క అనలేదు చూడు. ట్రక్ సంగతి మాత్రం నేనడగలేదు, కాపలా బయటపడుతుందని.

మార్చి 11

పద్మ వాళ్ళ బాబాయిని పంపించాను. అందరి ఇళ్ళలో ఆయనే రిపేర్లు చేసిపెడతాడు. శిరీష కొంచెం తటపటాయించింది. "డెబ్రాకి ఒక మాట చెప్పాలేమో అక్కా..."

"ఇల్లు నాది. నేను చెప్తున్నాను కదమ్మా" అన్నాను.

గంటలో పని అయిపోయింది. సింక్ కింద పైపు బిగించాడు, గోడకున్న కన్నం పూడ్చేశాడు, పైన తెల్లరంగు కూడా. ఫోటో చూస్తే ప్రాణం లేచొచ్చింది. ఏ మేనేజర్ కావాలి నాకు?

రవికి చెప్పలేదు.

మార్చి 16

డెబ్రా ఫోన్. లీకు సింక్‌ది కాదట, గోడలోపలి పైపుదట. తెల్ల ట్రక్ ప్లంబర్‌ది. ఆ కన్నం చేసింది అతనే. లోపల తడి ఆరేదాకా ముట్టుకోవద్దని తనకి చెప్పాడట. ఇప్పుడెవరో పూడ్చేశారు, లోపలంతా బూజు. గోడ మొత్తం పగలగొట్టాలి.

నాకెందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. ఐదో తారీఖునే ఓనర్ల పోర్టల్‌లో మెసేజ్ పెట్టానంది. పాస్‌వర్డ్ మార్చుకుని తెరిచి చూశాను. ఉంది. ఫోటోలతో సహా ఉంది. పాత పాస్‌వర్డ్ మర్చిపోయి నేనే ఇన్నాళ్ళూ తెరవలేదు.

"ఎవరు పూడ్చారో మీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు?" అన్నాను. ఛీ.

మార్చి 17

రవికి చెప్పేశాను. ఫోన్ తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మార్చి 18

డెబ్రా మెయిల్. ఆ మనిషిని పిలిపించింది తనేనని శిరీష ఒప్పుకుందట! అనుమతి లేకుండా గోడ ముట్టుకున్నారు కాబట్టి మే ఆఖరుకి లీజు అయిపోగానే ఖాళీ చేయించడం మంచిదని డెబ్రా సలహా. సరేనా అని నన్ను అడుగుతోంది. శుక్రవారం పదింటికి ఫోన్ చేస్తుందట.

మే ఆఖరు. ఆ పిల్ల పురిటి రోజులు.

అంతా తెలిసే అడుగుతోందా డెబ్రా? నా నోటితో చెప్పించాలనా? ... లేదు. ఆవిడ మాట ఒక్కటీ నేను నమ్మలేదు. నేను చెప్పిన అబద్ధాన్ని ఆవిడ నమ్మేసింది. అంతే.

మార్చి 19

శిరీష మెసేజ్. "అక్కా, మీ పేరు చెప్పలేదు. నా వల్ల మీకు మాట రాకూడదని. టెన్షన్ పడకండి." ఖాళీ చేయించే సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

ఎందుకింత మంచితనం? నా దగ్గర ఏమైనా ఆశిస్తోందా? — ఈ మాట రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

డెబ్రాకి మెయిల్ మొదలుపెట్టాను. "ఆ మనిషిని పంపింది నేను." చెరిపేశాను. మళ్ళీ రాశాను. నిజం తెలిస్తే మీ ఇల్లు మీరే చూసుకోండి అని వెళ్ళిపోతుంది. వెళ్ళిపోతే ఇక్కడ కూర్చుని నేనేం చూసుకోగలను?

మార్చి 20

పదికి పది నిమిషాలు. మెయిల్ ఇంకా పంపలేదు.

ఫోన్ మోగుతోంది. డెబ్రా కాదు. శిరీష. ఖాళీ చేయించే సంగతి తెలిసిపోయిందేమో.