చక్రం పక్కన చెప్పులు

అక్కా, కాళ్లూ చేతులూ సలక్షణంగా ఉన్నాయి, బెంగపడకు.

మొన్న మా మేస్త్రీ ఒట్టి జాకీ మీద కారు లేపి కింద దూరాడు. కారుకు ఆసరాగా స్టాండ్లు పెట్టమంటే, "ఒరేయ్ కరపత్రం, నువ్వు పుట్టకముందు నుంచీ దూరుతున్నానురా!" అన్నాడు. కరపత్రం అంటే నేనే, నా నినాదాలు విని ఆయన పెట్టిన పేరు. నాకు ఒళ్లు మండి, కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చేశాను. షెడ్డంతా నవ్వింది. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడడు. ఆయన మాట్లాడనివాడితో ఇక్కడ ఎవరూ మాట్లాడరు. కార్మికుడి ప్రాణం చవక కాదని అరిచినవాణ్ని, టైర్ల గుట్ట వెనక ఒక్కణ్నే అన్నం తింటున్నాను.

బావ ఇంకా వ్యాను కింద ఇటుకలే పెడుతున్నాడా? ఇటుక చెప్పి పగలదు. గట్టి చెక్క దిమ్మలు పెట్టమను, నువ్వు పక్కనే నిలబడు. కింద మనిషి ఉంటే పైన మనిషి ఉండి తీరాలి. అమ్మ దగ్గు తగ్గిందా? నా నీలం చొక్కా పంపు.

నాకు నిలబడేవాళ్లు లేక ఒంటరిగానే దూరుతున్నాను. ఇవాళ కింద నుంచి చూస్తే చక్రం పక్కన మేస్త్రీ అరిగిన చెప్పులు కనిపించాయి. నేను బయటికి వచ్చేదాకా అవి కదల్లేదు.

చంటిదానికి ముద్దులు. బావకు ఈ ముక్క మెల్లగా చదివి వినిపించు, నాలా అరవకు.

నీ తమ్ముడు