కనుమ ఎత్తు

అక్టోబరు 9
తమ్ముడు పొద్దున్నే కొండకు బయల్దేరాడు. మా మ్యాపు ఆఫీసులో వాడు కొలుస్తాడు, నేను గీస్తాను. పాత మ్యాపు షీటులో ఉన్న కనుమ నిజంగా అక్కడే ఉందో లేదో చూసి, దాని ఎత్తు కొలవాలి. తోడుగా సామాను మోసే కూలీ ఒక్కడే. ఈ కాలంలో మొగుణ్ని కొండలెక్కించే ఆఫీసు ఇదొక్కటేనని మరదలు నన్ను దెప్పింది. నేను పంపానా?

అక్టోబరు 12
రేడియోలో వాడి గొంతు. షీటులో కనుమ అని రాసిన చోట దారే లేదట, నిట్టనిలువు చరియ. అసలు కనుమ పడమటి వంపులో ఉందట. అక్కడికే పోతున్నానన్నాడు. నవ్వుతున్నాడు వెధవ.
"ఇది గీసినాయన ఇంట్లో కూర్చుని గీశాడక్కా."

అక్టోబరు 13
మంచు తుఫాను. రేడియో పలకడం లేదు.

అక్టోబరు 14
వెతకడానికి హెలికాప్టర్ వచ్చింది. చోటు చెప్పమన్నారు. పడమటి వంపు అన్నాను. అచ్చయినదాన్ని నోటిమాటతో మార్చే అధికారం తనకు లేదని మా ఆఫీసరు షీటులో ఉన్నదే రాసి సంతకం పెట్టాడు. అరిచాను. బయట కూర్చోమన్నాడు. వెళ్ళి పైలట్ కాళ్ళావేళ్ళా పడ్డాను. మబ్బులు కమ్మేలోగా ఒక్కచోటే చూడగలడట, అదీ కాగితంలో ఉన్న చోటే. చూసొచ్చాడు. ఎవరూ లేరట. చరియ మీద ఎవరుంటారు?

అక్టోబరు 16
కూలీ కాళ్ళీడ్చుకుంటూ దిగొచ్చాడు. వేళ్ళు నల్లబడిపోయాయి. వాళ్ళున్నది పడమటి వంపులోనే. ఎత్తు కొలిచే జీపీఎస్ మెషీన్ స్టాండు గాలికి విరిగితే తమ్ముడు బండకు ఆనుకుని, బాసింపట్టు వేసుకుని, మెషీన్ ఒళ్ళో పెట్టుకున్నాడట. హెలికాప్టర్ చప్పుడు ఇద్దరూ విన్నారట. పక్క కొండ మీద తిరిగి వెళ్ళిపోయిందట. మర్నాడు తెల్లారేసరికి తమ్ముడు పలకలేదట.
మరదలికి నేనే చెప్పాను. ఏడవలేదు. స్టవ్ కట్టేసింది, మళ్ళీ వెలిగించింది, మళ్ళీ కట్టేసింది.

అక్టోబరు 21
తీసుకొచ్చారు. ఈసారి చోటు ఎక్కడని ఎవరూ అడగలేదు.

అక్టోబరు 30
మెషీన్‌లో కొలత చెడలేదు. కదలకుండా ఎంతసేపుంటే అంత కచ్చితంగా వస్తుంది. బ్యాటరీ అయిపోయేదాకా కదల్లేదు. ఇంత మంచి కొలత ఈ ఆఫీసులో ఎన్నడూ చూడలేదని నోరు జారి, ఆఫీసరు తల దించుకున్నాడు.
కనుమను పడమటికి జరిపి గీశాను. ఎత్తు మాత్రం వెయ్యలేకపోయాను. మెషీన్ నేలకు ఎంత పైనుంటే కొలతలోంచి అంత తీసెయ్యాలి. స్టాండయితే తెలుసు. ఒడి?

నవంబరు 2
ఇంట్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మరదలు నా ఒడిదాకా టేపు పట్టింది.
"ఆయన ఒడి ఇంకాస్త పైకుంటుంది వదినా" అంది.
వేలు జరిపింది. అదే రాశాను.