ఆకుపచ్చ పూల కింద రెండో చీటీ

అమ్మకి,

నీ పెద్దకూతురు నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అల్లుడి మోకాలు నయమైంది, సణుగుడే ఇంకా తగ్గలేదు. నువ్వూ చెల్లీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో చెబుదామంటే నీకు వినపడదు, వినపడినా వినవు. అందుకే ఉత్తరం.

ముందు నువ్వు అడిగినవి. మన డిపార్టుమెంటు బీరువాల్లో కలరా ఉండలు మార్పించాను. నువ్వు ఆరబెట్టి అట్టలకి కుట్టిన మొక్కలు పురుగు పట్టకుండా ఉన్నాయి. ఊడిన కిటికీ చెక్క బిగించారు. కొత్త హాలుకి నీ పేరు చెక్కిన రాయి వచ్చింది, ప్రస్తుతానికి గోడకి ఆనించి ఉంచారు. ప్రారంభ సభ ఆహ్వానం మీద నువ్వు కనిపెట్టిన మొక్క బొమ్మే వేశారు, ఆకుపచ్చ పూలతో సహా. "తలకిందులుగా వేసి చస్తారేమో" అని బెంగపడ్డావు కదా, తిన్నగానే వేశారు.

సభలో నీ గురించి నన్నే మాట్లాడమన్నారు. ఏం చెప్పాలా అని కూర్చుంటే మీ గురువుగారే గుర్తొస్తున్నారు. క్లాసులో ఒక్కతే ఆడపిల్లవని నిన్ను బీరువా వెనక స్టూలు మీద కూర్చోబెట్టిన మనిషి. "ఇన్ని మొక్కలు గుర్తుపట్టి ఏం చేస్తావమ్మా, కూరలోకా?" అని అందర్నీ నవ్వించిన మనిషి. నువ్వు ఇక్కడ మొదటి ఆడ లెక్చరర్‌వయ్యాక, సరిగ్గా ఆయన రిటైరయ్యే రోజున, ఆయన కనిపెట్టానని మురిసిపోయే మొక్క అట్టని బల్ల మీద పెట్టి, ఆయన జాతి పేరు రాసి అంటించిన చీటీ కింద నీ చీటీ అంటించావు, ఇది కొత్త జాతేం కాదు, పాతదే అని. పిల్లలందర్నీ పిలిచి మరీ చూపించావు. ఆయన మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఆ కథ మాకు అన్నాలు పెడుతూ చెప్పేదానివి. "పాత చీటీ చింపకూడదే. దాని కిందే అంటించాలి. ఎవడు పొరబడ్డాడో, ఎవరు దిద్దారో కలకాలం కనబడాలి" అని నవ్వేదానివి. చెల్లీ నవ్వేది. నాకేమో ఆ ముసలాయన ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తిన్నాడో లేదో అనిపించేది.

చెల్లీ, ఇది అమ్మకి చదివి వినిపిస్తున్నది నువ్వే. ఇక్కణ్ణుంచి ఒక్క ముక్క కూడా మింగకు.

అమ్మా, నీ మొక్క కొత్త జాతి కాదు. క్వారీ వెనక నీకు దొరికింది మన కాలవ గట్టున మొలిచే మామూలు కలుపే. దానికి వెర్రి తెగులు పట్టింది. పూరేకులన్నీ ఆకులైపోయే రోగం. దానికి గింజ ఎందుకు దొరకదో అర్థం కాలేదని రాశావు. రోగిష్టి మొక్క గింజ కట్టదమ్మా.

క్వారీ దగ్గర ఆ మొక్కల రసం పీల్చి తెగులు అంటించే పచ్చదోమని పట్టుకొచ్చాను. డిపార్టుమెంటు వరండాలో దోమతెర కట్టి, కాలవ గట్టు మొక్క మీద వదిలాను. పక్క తెరలో దోమ వదలని మొక్క. దానికి తెల్ల పూలే పూశాయి. దోమ వాలినదానికి నీ ఆకుపచ్చ పూలు. నువ్వు జీవితమంతా పాఠం చెప్పిన జాతిని నేను వరండాలో తయారు చేశాను.

నీ శిష్యుడే కదా ఇప్పటి హెడ్డు, చూసి తల పట్టుకున్నాడు. "మేడం, పెద్దావిడ. కాస్త ఆగండి. ఆ తర్వాత ఎన్ని చీటీలైనా అంటించుకోండి."

"ఆ తర్వాతంటే?" అన్నాను.

టీ ఊదుకుంటూ "అదేనండీ, ఆ తర్వాతే" అన్నాడు.

నీ చావు కోసం ఎదురుచూడటం నాకు మర్యాదగా తోచలేదు. చీటీ అంటించేశాను. వ్యాసం అచ్చుకి ఒప్పుకున్నారు. సభలో చెప్పబోయేదీ అదే. నువ్వు మీ గురువుగారికి ముందుగా చెప్పలేదు, నేను నీకు చెబుతున్నాను. నాకు చేతనైన జాలి ఇంతే.

నిజం కోసమే చేశావా అంటావు. ఏమో, నా మీద నాకే నమ్మకం లేదు. పురిటి మంచం దిగీ దిగగానే నన్ను అమ్మమ్మ చేతుల్లో పడేసి, క్వారీకి పోయి తెచ్చుకున్న మొక్క అది. దానికి నా పేరే పెట్టావు. అందరూ ఎంత అదృష్టమో అన్నారు. నా పేరు నువ్వు ముద్దుగా పలకడం నేను విన్నది ఆ అట్ట ముందే. నన్నైతే "ఏయ్, గోల చెయ్యకు" అనే పిలిచేదానివి. తెరలో మొదటి మొగ్గ ఆకుపచ్చగా విచ్చుకున్నప్పుడు ఏడుస్తాననుకున్నాను. చప్పట్లు కొట్టానమ్మా, వరండాలో ఒక్కదాన్నే.

సభకి రా. మొదటి వరసలో వేయిస్తాను, స్టూలు కాదులే, కుర్చీయే. రాకపోతే ఖాళీగా ఉంచమంటాను. మీ గురువుగారి కుర్చీని అలా చూసిన డిపార్టుమెంటే కదా, దానికి కొత్తేం కాదు.

నీ చీటీ చింపలేదు. నీ దస్తూరీ కింద నాది ఉంది. ఇకమీదట ఆ పేరు గల మొక్క లోకంలో లేదు. నేనొక్కదాన్నే మిగిలాను. కావాలంటే పిలిచి చూడు.

ఇట్లు,
నీ పెద్దకూతురు