అది తినడమా, పని!

అక్కా, నువ్వు ముందు కంగారు మానుకో. ఇది గుండె జబ్బు కాదు.

పొట్టలో ఆమ్లం పైకి తన్నుకొచ్చి గుండెల్లో మంట పుడుతోందట. డాక్టరుగారు రాసిచ్చిన మాత్ర తిండికి అరగంట ముందు వేసుకున్నా తగ్గకపోతే మళ్లీ వెళ్లాను.

"ఎప్పుడు తింటావమ్మా?" అన్నారాయన.

"క్యాంటీన్లో వండి పెట్టి, అందరూ తిన్నాక, పొద్దున పదింటికండీ."

"మరి వండేటప్పుడు రుచి చూడవా?"

"తెల్లారినప్పటి నుంచీ చూస్తూనే ఉంటా. అది తినడమా డాక్టరుగారూ, అది పని!"

ఆయన పడీపడీ నవ్వి, "ఆ సంగతి నీ పొట్టకు తెలియదుగా!" అన్నారు.

ఇప్పుడు లేవగానే మాత్ర వేసుకుని, కూరగాయలన్నీ తరిగాకే గరిటె పట్టుకుంటున్నాను. మంట మాయమైంది. పడుకుంటే మంట ఎక్కువై రాత్రంతా కుర్చీలో కూర్చుని కునికే బాధ తప్పింది. నిన్న రాత్రి మంచంమీద ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను!

బావగారికీ పుల్లటి త్రేన్పులన్నావు. నా మాత్ర పేరు చెప్పనుగాక చెప్పను, డాక్టరుకు చూపించు. నా నీలం శాలువా నీ దగ్గరే ఉందా? పిల్లలకు ముద్దులు.

వచ్చే నెల వస్తున్నాను. ఈసారి నాకు పడక్కుర్చీ వేయకు. నీ పక్కనే పరుపు వెయ్యి. "ఇక నోర్ముయ్యవే" అని నువ్వు తిట్టేదాకా వెల్లకిలా పడుకుని కబుర్లు చెబుతాను.

నీ చెల్లి