కొండవైపు గోడ

మద్దిలేటీ,

సంచిలో రెండు చీరలు, చుక్కల మందు పెట్టుకున్నాను. కోడలు భానుప్రియ నాకు తోడు వస్తోంది, ఆటో పిలవడానికి వెళ్లింది. రేపు నంద్యాలలో నా కంటి ఆపరేషన్ అని నీకు తెలుసు కదా. పాపను పక్కింట్లో వదిలాము. నువ్వు డ్యూటీ నుంచి రాగానే ముందు ఇది చదువు, తర్వాత అన్నం తిను.

పాప మంచం వెనక గది నుంచి ముందు గదిలోకి మార్చు. ఈ రాత్రికే మార్చు, కొండ మీద మబ్బు దిగింది. ఇంటి వెనక కొండ మన్నుకు అడ్డంగా కట్టిన గోడ నడుమ ఉబ్బింది. మొన్న చెబితే, "నీ కంటికి అన్నీ వంకరగానే కనపడతాండాయిలేమ్మా, ఆపరేషన్ అయినాక చూడు, గోడ నిటారుగా ఉంటది" అని నవ్వావు. ఈ ఉదయం చేత్తో తడిమి చూశాను. నిండు నెలల కడుపులా ఉంది.

బురద నీళ్లు బండి మీద పడుతున్నాయని గోడ అడుగున నీళ్లు పోయే బొక్కలన్నీ సిమెంటుతో పూడ్చావు. కొండ నీళ్లు ఇక ఎటు పోవాలి? గోడనే తోస్తున్నాయి. నువ్వు ముట్టుకోవద్దు. ఆళ్లగడ్డ నుంచి గోడలు కట్టే బేల్దారిని పిలిపించు. ముందు గోడ వెనక పైన మన్ను దించి, తర్వాత బొక్కలు తెరవమను.

కసురుకున్నానని అనుకోకు. పప్పు పొయ్యి మీద ఉంది, పాపకు నెయ్యి వేసి కలిపి పెట్టు.

అమ్మ

ఇంకొక మాట. వాన నిలిచిందని వెనక గదిలోకి పోవద్దు. నానిన మన్ను ఆ తర్వాతే జారుతుంది. పాత గోడ పడినప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. మీ నాయన, "వాన నిలిచింది గదా, గోడ పక్కన ఎద్దుండాది, విప్పుకొస్తా" అని పోయాడు. మళ్లీ రాలేదు. అది 2009, దసరా వెళ్లిన వారం.